పేరు కంటే పెద్ద అక్షరాలు

నేను ఒక అచ్చు బ్లాకును. అరచేతికి కాస్త మించిన జింకు రేకు, దాని కింద టేకు చెక్క, నాలుగు మూలలా నాలుగు చిన్న మేకులు, ఇంతే నా ఒళ్లు. రేకు మీద ఉబ్బెత్తుగా రెండే రెండు మాటలుంటాయి: ‘మరో శాంభవి’. అయితే నన్ను చేతిలోకి తీసుకుని ఎంతసేపు చూసినా మీకు ఒక్క ముక్క కూడా అర్థం కాదు. అక్షరాలన్నీ తిరగబడి ఉంటాయి. సిరా పూసి కాగితం మీద అదిమితేనే నేను తిన్నగా మాట్లాడతాను. ఇప్పుడు సిరా లేకుండానే మాట్లాడుతున్నాను కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

నేను బెజవాడలో, గవర్నరుపేటలో ఒక ఇరుకు సందులో పుట్టాను. ఆ రోజుల్లో కొమరగిరి శాంభవి పేరు చెబితే చాలు, వంటింట్లో అన్నం మాడిపోయేది. ఆవిడ నవలల్లో కథానాయకుడికి పొడుగాటి కారుండేది, బంగళా ముందు క్రోటన్ మొక్కలుండేవి, కథానాయికకు కొండంత ఆత్మాభిమానం ఉండేది. వారపత్రిక వచ్చే రోజున ఆడపిల్లలు కాలేజీకి ఆలస్యంగా వెళ్లేవారు. చీరల కొట్టువాళ్లు చీరలకు ఆవిడ నాయికల పేర్లు పెట్టి అమ్ముకునేవారు. ఆవిడ ఉండేది బందరులో. పుస్తకాలు వేసేది మాత్రం వేరే ఊళ్లో, వేరే పబ్లిషరు.

అదే మా యజమాని గంధం పున్నారావు గారి దిగులు. ఆయన చంద్రిక పబ్లిషర్స్ అధిపతి. అధిపతి అంటే పెద్ద హడావుడి ఏమీ ఉండేది కాదు, ఒక గది, ఒక బల్ల, గోడకు ఆనించి పేర్చిన అమ్ముడుపోని పుస్తకాలు, వెనక వసారాలో కాలితో తొక్కి నడిపే ఒక ట్రెడిల్ అచ్చు మిషను. శాంభవి గారి నవల ఒక్కటి దొరికితే చాలని ఆయన బందరు చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయారు. చివరికి ఒకరోజు బల్ల మీద అరచేత్తో చరిచి, “ఆవిడ రాకపోతే మానె. మనమే ఒక శాంభవిని తయారుచేసుకుందాం” అన్నారు.

ఆర్టిస్టు సోమలింగం కుంచె పట్టుకుని నా అక్షరాలు రాశాడు. ‘శాంభవి’ అన్న మాట అట్ట సగానికి పైగా ఆక్రమించేలా, మెలికలు తిప్పి రాశాడు. ‘మరో’ అన్నది మాత్రం ఎడమ పక్క పైమూలన సన్నగా ఇరికించాడు.

“మరీ చిన్నదైపోయిందేమోనండీ. దూరం నుంచి కనపడదు” అన్నాడు కొంచెం సందేహిస్తూ.

“కనపడకపోతే మరీ మంచిది” అని పున్నారావు గారు నవ్వారు. ఆ నవ్వు ఖరీదు ఎంతో అప్పుడు ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. బ్లాకులు చేసేవాడు ఆ బొమ్మను జింకు రేకు మీదికి దించి, ఆసిడ్‌లో ముంచి, అక్కర్లేనిదంతా కరిగించేశాడు. మిగిలింది నేను.

నన్ను మొదట మోసిన పుస్తకం ఏలూరు నుంచి వచ్చిన ఒక ఇల్లాలిది. పాపం, ఆమె ఒకే ఒక్క నవల రాసింది. అట్ట చూసుకుని ఎంత మురిసిపోయిందంటే, తన పేరు కోసం వెతుక్కోనైనా వెతుక్కోలేదు. “శాంభవి గారంతటిదాన్నా నేను!” అని కళ్లు తుడుచుకుంది. పుస్తకం అమ్ముడుపోలేదు. ఆమె మాత్రం సంతోషంగానే ఇంటికి వెళ్లింది. మనుషుల్ని సంతోషపెట్టడం ఇంత సులువా అని నాకు గర్వం తలకెక్కింది.

రెండోవారు పానకాలు గారు. రేపల్లెలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా, గుబురు మీసాలు. ఆ రోజుల్లో ఆడవాళ్ల పేర్లకే గిరాకీ కాబట్టి ఆయన ‘మీనాక్షీదేవి’ అయ్యారు, నా పుణ్యమా అని ‘మరో శాంభవి’ కూడా అయ్యారు. ఒక మధ్యాహ్నం ఆయన ప్రూఫులు దిద్దుకుంటూ కూర్చుని ఉండగా తెనాలి నుంచి ఒక పాఠకురాలు వచ్చింది. చేతిలో పళ్లెం, పళ్లెంలో పసుపు, కుంకుమ, డజను గాజులు. మీనాక్షీదేవి గారికి స్వయంగా ఇచ్చి వెళ్లాలట.

“ఆవిడ పుట్టింటికి వెళ్లారమ్మా” అన్నారు పున్నారావు గారు, చెమటలు తుడుచుకుంటూ.

“పురిటికాండీ?”

“అంతేనమ్మా, అంతే.”

పానకాలు గారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆమె వెళ్లాక గాజుల్ని రుమాల్లో చుట్టుకుని, భార్యకిస్తానని తీసుకుపోయారు. ఆ తర్వాత మీనాక్షీదేవి మళ్లీ నవల రాయలేదు. పురుడు కష్టమైందేమో అని మా ఫోర్‌మన్ మస్తాన్ చాలాకాలం నవ్వుతుండేవాడు.

పని లేని రోజుల్లో నేను పున్నారావు గారి బల్ల మీద, కాగితాలు ఎగిరిపోకుండా కూర్చునేదాన్ని. ఆ గదిలో ఎవరు ఏం మాట్లాడినా నా చెవిన పడేది. అలా కూర్చున్న ఒక ఎండాకాలం రోజునే చాట్ల దయామణి వచ్చింది.

చిలకలూరిపేటలో చిన్న బడి పంతులమ్మ ఆమె. ముతక నూలు చీర, భుజాన గుడ్డసంచి, సంచిలో నవల. వాళ్లమ్మ సారమ్మ పొగాకు గొడౌనులో గ్రేడింగు పని చేసేది. అంటే ఆకును రంగును బట్టి, మచ్చను బట్టి వేరుచేసి కట్టలు కట్టడం. నవల కూడా ఆ గొడౌను ఆడవాళ్ల గురించే. పేరు ‘ఆకు ఘాటు’. అందులో కారు లేదు, బంగళా లేదు. దగ్గుతూ పాటలు పాడుకునే ఆడవాళ్లున్నారు, చంటిపిల్లల్ని గోనెసంచుల మీద పడుకోబెట్టి ఒక కన్ను పిల్లల మీద, ఒక కన్ను ఆకు మీద వేసి పనిచేసేవాళ్లున్నారు.

మర్నాడు పున్నారావు గారు ఆ నవల చదువుతూ భోజనానికి లేవలేదు. కాగితాలు ఒక్కొక్కటే నా కింద చేరుతున్నాయి. మధ్యలో రెండుసార్లు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. చివరి కాగితం పెట్టి, “మస్తాన్! ఇది మనం వేస్తున్నాం” అన్నారు గట్టిగా.

“అమ్ముడుపోద్దా సార్?” అన్నాడు మస్తాన్.

పున్నారావు గారు గోడకు పేర్చిన పుస్తకాల వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. నాకు గుండె లేదు కానీ ఉంటే ఆ క్షణాన ఝల్లుమనేది.

అట్ట ప్రూఫు చూసుకోవడానికి దయామణి మళ్లీ వచ్చింది. ఎర్ర సిరాతో నేను అట్టంతా పరుచుకుని ఉన్నాను. ఆమె చాలాసేపు చూసి, నెమ్మదిగా అడిగింది.

“నా పేరు ఎక్కడ సార్?”

“అదిగో అమ్మా, కింద. నవల పేరు పక్కనే.”

ఆమె వంగి చూసింది. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది ఆమె పేరు.

“శాంభవి గారి కథలు వేరు, నాయి వేరు గదా సార్. ఆమె పుస్తకం అనుకొని తీసుకున్నోళ్లు తిట్టుకోరా?”

“ముందు చేతిలోకి తీసుకోవాలి కదమ్మా! దయామణి అంటే ఎవరికి తెలుసు చెప్పు? తీసుకున్నాక చదివేది నీ కథే. చదివాక నీ పేరు వాళ్లే వెతుక్కుంటారు. రేపు రెండో నవలకు నీ పేరే పెద్దగా వేద్దాం.”

ఆయన అబద్ధం చెప్పలేదు. అలాగే జరుగుతుందని నమ్మారు. దయామణి తలాడించి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. “మా అమ్మ రాత్రి బళ్లో చేరి అక్షరాలు నేర్చుకుంటంది సార్. నా పుస్తకం మీద నా పేరు చదవాలని. కొంచెం పెద్దగా ఉంటే బాగుండేది” అంది. పున్నారావు గారు ఆ మాటకు ముఖం పక్కకు తిప్పుకున్నారు. అయినా అట్ట అలాగే అచ్చయింది.

పుస్తకం పోయింది. పోవడం అంటే మా గదిలో ఎన్నడూ ఎరగనట్టు పోయింది. గోడ కనపడసాగింది. పున్నారావు గారి కాళ్లు నేల మీద ఆనలేదు. అంతలో చిలకలూరిపేట నుంచి కోటేశ్వర శెట్టి అనే ఆయన బస్సెక్కి వచ్చారు. ఆయనకు అక్కడ అద్దె పుస్తకాల కొట్టు ఉంది.

“కొత్త శాంభవి నవల ఇంకో పాతిక కాపీలు కావాలండీ. ఆడవాళ్లు కొట్టుకు చస్తున్నారు” అన్నారాయన కూర్చుంటూనే.

“శాంభవి నవల మా దగ్గరెక్కడిదండీ?”

“అదేనండీ, ఆకు ఘాటు. ఈసారి ఆవిడ పంథా మార్చింది చూశారా? కార్లూ బంగళాలూ వదిలేసింది. ఎంత గొప్పగా రాసిందండీ!”

అసలు సంగతి అప్పుడు బయటపడింది. అద్దె కొట్లలో పుస్తకం పది కాలాలు నిలవాలి కాబట్టి బైండు చేయిస్తారు. కాగితం అట్ట చింపి, మందపాటి దళసరి అట్ట వేసి, లోపల ముందున్న పేజీని గట్టిదనం కోసం ఆ అట్టకు మైదాపిండి జిగురుతో అంటించేస్తారు. దయామణి పేరు కాస్త పెద్దగా ఉన్నది ఆ లోపలి పేజీ మీదే. అది పిండి కింద సమాధి అయిపోయింది. ఇక బైండరు పుస్తకం వీపు మీద చీటీ రాయాలి. చింపిన అట్టను పక్కన పెట్టుకుని, దాని మీద అన్నిటికంటే పెద్దగా ఏముందో అది రాశాడు. శాంభవి. సోమలింగం ఇరికించిన ‘మరో’ అతని కంట పడనే లేదు. ఒక కొట్టును చూసి ఇంకో కొట్టు, నరసరావుపేట, తెనాలి, గుడివాడ, అన్ని ఊళ్లలోనూ అదే చీటీ.

పున్నారావు గారు నోరు తెరిచారు. చెప్పేస్తారనుకున్నాను. శెట్టి గారు సంచిలోంచి ఆర్డరు కాగితం తీసి బల్ల మీద పెట్టారు. పున్నారావు గారు నోరు మూసుకుని, నన్ను ఎత్తి ఆ కాగితం మీద పెట్టారు. ఆయన్ని మరీ తప్పు పట్టకండి. గెలుపు రుచి చూసి ఎరగని మనిషి.

దయామణి మూడోసారి వచ్చినప్పుడు కూర్చోమన్నా కూర్చోలేదు.

“మా అమ్మ గొడౌనులో అందరికీ చెప్పుకుంది సార్, నా బిడ్డ పుస్తకం రాసింది, మనందరి గురించి రాసింది అని. మొన్న పని దిగినాక వాళ్లందరినీ వెంటబెట్టుకుని శెట్టి గారి కొట్టుకి పోయింది. దయామణి పుస్తకం ఇయ్యయ్యా అని అడిగింది. అట్టా ఎవరూ లేరమ్మా అన్నాడు. ఆకు ఘాటు అంటే, అది శాంభవి గారిది అని చీటీ చూపించాడు. మా అమ్మ కూడబలుక్కుని చదివింది. శాం-భ-వి. చదవడం వచ్చినందుకు మొట్టమొదట చదివింది అదీ.”

పున్నారావు గారు తల దించుకున్నారు.

“గొడౌనులో అందరూ నవ్వారు సార్. అంత గొప్ప ఆమె రాసిందాన్ని నీ బిడ్డ రాసిందని చెప్పుకుంటన్నావా సారమ్మా అని. మా అమ్మ జన్మలో అబద్ధం ఆడలేదు. ఇప్పుడు తల వంచుకుని ఆకు ఏరుతంది. ఎవరితోనూ మాట్లాడటం లేదు. నాకు డబ్బొద్దు, సన్మానాలొద్దు. రెండోసారి వేసేటప్పుడు ఆ పెద్ద అక్షరాలు తీసేసి నా పేరు వెయ్యండి. అంతే నేను అడిగేది.”

“చూద్దామమ్మా” అన్నారు ఆయన. అచ్చాఫీసుల్లో ‘చూద్దాం’ అంటే ఏమిటో నాకు తెలుసు. దయామణికీ తెలిసినట్టే ఉంది. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. నేను మొదటిసారి నా అక్షరాల బరువు తెలిసి సిగ్గుపడ్డాను.

రెండో ముద్రణ రోజు రానే వచ్చింది. మస్తాన్ నన్ను మిషనులో బిగించాడు. రోలరుతో నాకు ఎర్ర సిరా పట్టించాడు. “సార్, అదే అట్టనా?” అని రెండుసార్లు అడిగాడు. పున్నారావు గారు ఏదో లెక్క చూసుకుంటున్నట్టు నటించారు. సరిగ్గా అప్పుడే సందులో రిక్షా ఆగింది.

దిగింది ఒక లావుపాటి పెద్దావిడ. నెరిసిన ముడి, సోడాబుడ్డి కళ్లజోడు, మోకాళ్ల నొప్పుల నడక. గుమ్మం పట్టుకుని ఆయాసం తీర్చుకుని, “పున్నారావు గారంటే మీరేనా? ఎన్నోసార్లు మా ఇంటికి వచ్చి వెళ్లారట. ఇప్పుడు నేనే వచ్చాను. నేను శాంభవిని” అంది.

పున్నారావు గారు లేచిన ఊపుకి కుర్చీ పడిపోయింది.

“పోయిన వారం ఒకావిడ మా ఇంటికి వచ్చిందండీ” అని మొదలుపెట్టిందావిడ, మంచినీళ్లు తాగి. “నా చేతులు పట్టుకుని ఒకటే ఏడుపు. మా అమ్మ బతుకు మీకెలా తెలిసిందమ్మా అని. ఇన్నేళ్లుగా రాస్తున్నాను, నా చేతులు పట్టుకుని అలా ఎవరూ ఏడవలేదు. అది నేను రాసింది కాదని చెప్పబోయాను. నోరు రాలేదు. ఆవిడ కాఫీ తాగి వెళ్లిపోయింది. అప్పుడు పుస్తకం తెప్పించి చదివాను. చదివాక నాకు సిగ్గేసింది. ఈర్ష్య కూడా వేసింది, దాచుకోవడం ఎందుకూ.”

“అమ్మా, అది... బైండర్ల పొరపాటు...”

“నేనూ ఈ దారిలోనే వచ్చాను లెండి. నా మొదటి నవల మీద ‘ఆడ పరాంకుశం’ అని వేశారు. పరాంకుశం గారని అప్పట్లో పెద్ద పేరున్న నవలాకారుడు. ఆయనకు ఇంతింత మీసాలు. కొన్నేళ్లపాటు అద్దంలో చూసుకుంటే నాకు ఆ మీసాలే కనపడేవి. నా పేరు నాకు దక్కేసరికి జుట్టు నెరిసింది. ఆ పిల్లకు అంతకాలం ఎందుకు? ఏదీ, నా పేరు మోస్తున్న ఆ మహాతల్లిని ఒకసారి చూపించండి.”

మస్తాన్ అడక్కుండానే నన్ను మిషనులోంచి విప్పి ఆవిడ చేతిలో పెట్టి, చిలకలూరిపేటలో సారమ్మకు జరిగిందీ చెప్పాడు. నాకు ఒళ్లంతా సిరా. ఆవిడ తన తెల్ల చేతిరుమాల్లో నన్ను చుట్టి పట్టుకుంది. “నా కొత్త నవల మీకే ఇస్తాను. ఆ అట్ట మాత్రం మార్చండి. ఇప్పుడు లేవండి, చిలకలూరిపేట వెళ్దాం” అంది. పున్నారావు గారు ఏళ్లుగా ఎదురుచూసిన మాట అది. అయినా ఆయన ముఖంలో సంతోషం కంటే, తలుపు తెరిచి బయటికి వదిలేసిన ఖైదీకి కలిగే ఊరటే ఎక్కువ కనపడింది.

అలా నేను జీవితంలో మొదటిసారి బస్సెక్కాను, ఒక గొప్ప రచయిత్రి చేతిసంచిలో, కళ్లజోడు డబ్బాకూ తమలపాకులకూ మధ్య.

గొడౌను పని దిగే వేళకు శెట్టి గారి కొట్టు ముందుకు చేరాం. దయామణిని బడి నుంచి పిలిపించారు. సారమ్మ రానంది. వెంట ఉన్న ఆడవాళ్లే లాక్కొచ్చారు. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి, చేతివేళ్లు పొగాకు బంకతో నల్లబడి ఉన్నాయి. ఎవరి ముఖమూ చూడకుండా నిలబడింది.

శాంభవి గారు మెట్టెక్కి అందరికీ వినపడేలా చెప్పారు. “అమ్మా, నేను కొమరగిరి శాంభవిని. ఆకు ఘాటు నేను రాయలేదు. ఇదిగో, ఈ దయామణి రాసింది.”

శెట్టి గారు ఆవిడను పైనుంచి కిందికి చూశారు. తర్వాత అరలోంచి ఆవిడ నవల ఒకటి తీసి వెనక అట్ట తిప్పారు. అక్కడ సన్నజాజి తీగలా ఉన్న పాతికేళ్ల శాంభవి, రెండు జడలతో నవ్వుతోంది. పబ్లిషరు ముప్పై ఏళ్లుగా అదే ఫొటో వేస్తున్నాడు.

“శాంభవి గారు ఈమెండీ” అన్నారు శెట్టి గారు మర్యాదగానే.

“నేనేనయ్యా అది! వయసు రాదూ మనిషికి?”

చెమట తుడుచుకోవడానికి ఆవిడ చేతిరుమాలు తీశారు. బస్సు కుదుపులకి నా సిరా అంతా రుమాలుకి అంటుకుని, ఎర్రటి అక్షరాలు చక్కగా, తిన్నగా పడ్డాయి. శెట్టి గారు వంగి, ఈసారి జాగ్రత్తగా మొత్తం చదివారు.

“మరో శాంభవి” అన్నారు. “అదీ సంగతి. అసలావిడ వేరే అని మీ రుమాలే చెబుతోంది కదండీ.”

శాంభవి గారు తన పేరు తనదని నిరూపించుకోలేక మెట్టు మీద అలా నిలబడిపోయారు. ఎవరో కిసుక్కున నవ్వారు. పున్నారావు గారు “నేను పబ్లిషర్ని, నాకు తెలుసు” అని అడ్డుపడ్డా ఎవరూ వినిపించుకోలేదు. నవ్వులు పెద్దవయ్యాయి. దయామణి తల్లి చెయ్యి పట్టుకుని, “పోదాం పద అమ్మా” అంది.

సారమ్మ కదల్లేదు. శాంభవి గారి ముఖం వైపు చూస్తోంది. తన ముఖం ఈ కొట్టు ముందు ఎలా అయిందో, ఆ ముఖమూ అలాగే అవడం చూసింది.

“ఏమయ్యా శెట్టీ, ఆ పుస్తకం ఇట్టా తే” అంది.

“ఎందుకూ?”

“లోపల పేజీ అట్టకి అంటించారంట గదా. ఇందాక ఈ సారు చెప్తే నా బిడ్డ చెప్పింది. అది తీసి చూద్దాం.”

“అట్ట పాడైపోద్ది సారమ్మా!”

“పాడైతే పాడైద్ది. మాట పాడైతే బాగుచేసేది ఉందా?”

అరుగు మీద చెంబు ఉంది. సారమ్మ కొంగు తడిపి, అట్ట లోపలి వైపు మీద పరిచి, కాసేపు అదిమి పట్టుకుంది. ఎండిన ఆకు చిట్లకుండా తడిచేసి విప్పే చేతులవి. అంచు లేచింది. వేలిగోటితో మెల్లగా, ఎక్కడా చిరగకుండా పేజీని విడదీస్తూ పోయింది. ఆడవాళ్లందరూ దగ్గరికి జరిగారు. శెట్టి గారు కూడా మెడ చాచారు.

పేజీ మీద పిండి మరకల మధ్య అక్షరాలు కనపడ్డాయి. దయామణి చదవబోతే సారమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. నల్లటి వేలు ఒక్కొక్క అక్షరం కింద పెట్టుకుంటూ, పైకి చదివింది.

“చా... ట్ల... ద... యా... మ... ణి.”

ఇంకోసారి చదివింది, ఈసారి ఆగకుండా. తర్వాత ఏడ్చింది. నవ్విన ఆడవాళ్లే ఆమె భుజాలు పట్టుకున్నారు. అందులో ఒకామె, “మా సారమ్మ బిడ్డేనే!” అని సందు చివరిదాకా వినపడేలా అరిచింది. శెట్టి గారు కలం తీసి, పుస్తకం వీపు మీది చీటీ తనే కొట్టేసి, కొత్త పేరు రాశారు. అన్ని కాపీలకూ రాసి, “ఇంతకీ మీరు నిజంగా శాంభవి గారేనా?” అని అడిగారు. ఆవిడ పగలబడి నవ్వారు.

వెళ్లేముందు శాంభవి గారు నన్ను దయామణి చేతిలో పెట్టారు. “ఇంకెవరి అట్ట మీదికీ పోకుండా దీన్ని నీ దగ్గర ఉంచుకో” అన్నారు. అంతటితో నా ఉద్యోగం ముగిసింది. రెండో ముద్రణ అట్ట మీద ఏముందో నేను చూసింది దయామణి ఇంట్లోనే. ఆమె పేరుంది, నేను ఆక్రమించినంత చోటులో. శాంభవి గారు తన కొత్త నవల మొదటి పేజీలో, ‘ఆకు ఘాటు రాసిన చాట్ల దయామణికి’ అని వేయించుకున్నారు.

అప్పటినుంచి ఇక్కడే ఉన్నాను. దయామణి రాసిన కాగితాల మీద కూర్చుంటాను. ఎన్ని నవలలు నా కింద చేరాయో! సారమ్మ పోయి చాలాకాలమైంది. శాంభవి గారూ పోయారు. ఇప్పటి పిల్లలకు ఆవిడ పేరు తెలియదు. నా మీదున్న పేరు ఎవరిదని అడిగితే దయామణి కథంతా చెబుతుంది. పేరున్నవాళ్ల పేరు కూడా ఎవరో ఒకరు పనిగట్టుకుని చెబితేనే మిగులుతుందని నాకు ఇన్నాళ్లకు అర్థమైంది.

ఆ మధ్య పున్నారావు గారి మనవడు వచ్చాడు. కుర్రాడు మంచివాడే, తాతలాగే తొందర మనిషి. ఫోనులో ఒక అట్ట బొమ్మ చూపించాడు.

“కాకినాడ వైపు నుంచి ఒక అమ్మాయి రాసిందండీ. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ల కథ. అద్భుతంగా ఉంది. మీరు కాదనకపోతే అట్ట మీద ‘మరో దయామణి’ అని వేద్దామనుకుంటున్నాను. మీకు గౌరవం, ఆ అమ్మాయికి లాభం.”

దయామణి కళ్లజోడు పెట్టుకుని బొమ్మ చూసింది. నన్ను ఎత్తి అతని చేతిలో పెట్టింది. అతను అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అర్థంకాక ముఖం పెట్టాడు.

“ఆ అమ్మాయి పేరేంటి?” అని అడిగింది దయామణి.

“పేరు... అదేనండీ... నూక... ఒక్క నిమిషం.” అతను ఆఫీసుకి ఫోను చేశాడు. అవతల వాళ్లు వెతుకుతున్నంతసేపూ దయామణి అతని వైపే చూస్తూ కూర్చుంది. అతని చెవులు ఎర్రబడ్డాయి. చివరికి, “మైలపల్లి నూకరత్నం అండీ” అన్నాడు, చాలా చిన్నగా.

“నా పేరు తీసేసి, అది వెయ్యి బాబూ. నీకే గుర్తుండేంత పెద్దగా వెయ్యి.”

పుస్తకం నిన్న పోస్టులో వచ్చింది. అట్ట మీద ఆ అమ్మాయి పేరు నిండుగా ఉంది. మూలన మాత్రం సన్నగా, ‘దయామణి గారు మెచ్చిన నవల’ అని వేశాడు. ఎంతైనా పున్నారావు గారి మనవడు కదా. దయామణి అది చూసి నవ్వుకుంది. ఆమె చూపు ఇప్పుడు బాగా తగ్గింది. లోపలి పేజీ తెరిచి, వెలుగు పడేలా కిటికీ వైపు పట్టుకుని, వేలు ఒక్కొక్క అక్షరం కింద పెట్టుకుంటూ పైకి చదివింది.

“మై... ల... ప... ల్లి... నూ... క... ర... త్నం.”

తర్వాత ఇంకోసారి చదివింది, ఆగకుండా.